బాత్‌లో ఒక రోజు: నీళ్ల వెంట నడిస్తే ఊరు అర్థమవుతుంది

దృశ్యం: ఆకుపచ్చ నీళ్ల మీద ఆవిరి. చుట్టూ రాతి స్తంభాలు, పైన ఆకాశం.

వాయిస్: ఈ నీళ్లను ఎవరూ కాచలేదు. భూమిలోంచే 46 డిగ్రీల వేడితో వస్తున్నాయి. రోజుకు సుమారు 11 లక్షల 70 వేల లీటర్లు. ఇంగ్లండ్‌లో నైరుతి వైపు, ఏవన్ నది ఒడ్డున ఉన్న బాత్ అనే ఊరు ఈ బుగ్గ పక్కనే పుట్టి, దీని మీదే బతికింది.

బాత్ గురించి వెతికితే చూడాల్సిన ప్రదేశాల లిస్టులు బోలెడు దొరుకుతాయి. వాటిని పట్టుకుని పరుగెత్తితే సాయంత్రానికి కాళ్లనొప్పులు, ఫోన్ నిండా ఒకే రంగు గోడలు మిగులుతాయి. అందుకే ఈ వీడియోలో మనం నీళ్ల వెంట మాత్రమే నడుద్దాం. ఈ నీళ్ల కోసం ఎవరెవరు వచ్చారు, వచ్చినవాళ్ల జేబులు ఎలా ఖాళీ చేశారు, ఆ డబ్బుతో ఏం కట్టారు. ఈ మూడూ తెలిస్తే ఊరు తెలిసినట్టే.

దృశ్యం: రైలు కిటికీ, పచ్చని కొండలు, స్టేషన్ బోర్డు.

వాయిస్: లండన్ పాడింగ్టన్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంటన్నర. దిగాల్సింది బాత్ స్పా స్టేషన్‌లో. కారులో వచ్చేవాళ్లు ఊరి మధ్యలో పార్కింగ్ కోసం తిరగొద్దు. ఊరి అంచున పార్క్ అండ్ రైడ్‌లు ఉన్నాయి, అక్కడ కారు వదిలి బస్సెక్కండి. స్టేషన్ నుంచి రోమన్ బాత్స్, అంటే ఈ బుగ్గ చుట్టూ రోమన్లు కట్టిన స్నానశాలలు, పది నిమిషాల నడక. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, పొద్దున మొదటి స్లాట్లలోనే తీసుకోండి. పదకొండు దాటితే లోపల జనం తప్ప ఇంకేమీ కనపడదు.

దృశ్యం: కొండలు, వాన, భూమి లోపలి పొరల బొమ్మ.

వాయిస్: నీళ్లు వేడెక్కేది ఎలా? దగ్గర్లో అగ్నిపర్వతం ఏదీ లేదు. దక్షిణాన మెండిప్ కొండల మీద ఎప్పుడో కురిసిన వాన, సున్నపురాతి పొరల్లోకి ఇంకుతూ 2,700 నుంచి 4,300 మీటర్ల లోతుకు దిగుతుంది. అంత లోతున భూమి వేడికి నీళ్లు 69 నుంచి 96 డిగ్రీల దాకా కాగుతాయి. ఆ తర్వాత ఒత్తిడి వాటిని పైకి తోస్తుంది. రాతిలో పగులు ఉన్నచోట, అంటే సరిగ్గా బాత్ కింద, బయటపడతాయి. మన కళ్ల ముందు ఉబికే నీళ్లు వానగా పడింది వేల ఏళ్ల కిందట.

రోమన్లు రాకముందే స్థానికులు ఇక్కడ సులిస్ అనే దేవతను కొలిచేవాళ్లు. క్రీస్తుశకం 60, 70ల్లో రోమన్లు గుడి కట్టినప్పుడు ఆ దేవతను తీసెయ్యలేదు. తమ దేవత మినర్వాతో కలిపేసి సులిస్ మినర్వా అన్నారు. ఆ విగ్రహానిదని భావించే తల, బంగారు పూత పోసిన కంచు తల, 1727లో మురుగు కాలువ తవ్వుతుంటే దొరికింది. మ్యూజియంలో దాని ముందు కాసేపు ఆగండి.

దృశ్యం: గాజు పెట్టెలో నాణేలు, తర్వాత సన్నని సీసపు రేకులు.

వాయిస్: రైలు గోదావరి బ్రిడ్జి మీదికి రాగానే రాజమండ్రిలో చేతులు కిటికీలోంచి రూపాయి బిళ్లలు విసురుతాయి కదా, రోమన్లదీ అదే అలవాటు. ఈ బుగ్గలోంచి 12,000కు పైగా రోమన్ నాణేలు బయటపడ్డాయి.

కానీ నాణేలకన్నా ఆ రేకులు చూడండి. ఇవి శాపాలు. సీసం కలిసిన పల్చటి రేకు మీద మొర రాసి, చుట్టి నీళ్లలో పడేసేవాళ్లు. దాదాపు 130 దొరికాయి. ఎక్కువ భాగం దొంగతనాల గురించే. డోసిమెడిస్ అనే అతని చేతి తొడుగులు రెండు పోయాయి. తీసినవాడికి మతి పోవాలి, కళ్లు పోవాలి అని దేవతకు అర్జీ పెట్టుకున్నాడు. చేతి తొడుగులకే! ఇంకొకాయన స్నానానికి దిగి వచ్చేసరికి బట్టలు మాయం. తీసింది ఆడైనా మగైనా, బానిసైనా కాకపోయినా, వాళ్లకు నిద్ర పట్టకూడదని రాశాడు. రోమన్ చరిత్ర అంటే చక్రవర్తులు, యుద్ధాలు అనుకుంటాం. ఇక్కడ మాత్రం తువ్వాలు పోగొట్టుకున్న మనుషులు కనిపిస్తారు. ఈ మ్యూజియంలో నాకు అన్నిటికన్నా నచ్చిన గది ఇదే.

దృశ్యం: పెద్ద కొలను, పై వరండాలో రాతి విగ్రహాలు.

వాయిస్: ఇప్పుడు పెద్ద కొలను. 1.6 మీటర్ల లోతు. అడుగున రోమన్లు పరిచిన 45 సీసపు పలకలు ఇంకా ఉన్నాయి. ఆ పచ్చ రంగు మాత్రం రోమన్లది కాదు. అప్పట్లో దీనికి కప్పు ఉండేది. కప్పు పోయాక ఎండ తగిలి నాచు పెరిగింది. పైన వరుసగా నిలబడ్డ రోమన్ చక్రవర్తుల, గవర్నర్ల విగ్రహాలు కూడా 1890ల నాటివే. ఫోటోల్లో అందరూ వాటినే రోమన్ శిల్పాలనుకుంటారు.

ఈ నీళ్లలో దిగనివ్వరు, చెయ్యి కూడా పెట్టొద్దంటారు. కారణం గట్టిదే. ఈ మధ్య కేరళ వార్తల్లో వింటున్నాం కదా, మెదడు తినే అమీబా అని. 1978లో ఇక్కడి బుగ్గ నీటిలో ఈదిన ఒక అమ్మాయి అదే జబ్బుతో చనిపోయింది. దాంతో స్నానాలు ఆపేశారు. తర్వాత లోతుగా కొత్త బోర్లు వేసి శుభ్రమైన నీళ్లు తీశారు. స్నానం ముచ్చట సాయంత్రానికి దాచుకుందాం.

దృశ్యం: పంప్ రూమ్ హాలు, వేలాడే దీపాలు, వాయిద్యాలు, గ్లాసులో నీళ్లు.

వాయిస్: పక్కనే పంప్ రూమ్. ఇప్పుడున్న హాలు 1795లో పూర్తయింది. శుద్ధి చేసిన బుగ్గ నీళ్లు ఇక్కడ తాగొచ్చు. 43 ఖనిజాలున్నాయంటారు. గోరువెచ్చగా, ఇనుప వాసనతో ఉంటాయి. ఒక గుటకకు మించి తాగేవాళ్లు తక్కువ.

మరి వీటితో జబ్బులు తగ్గేవా? 18వ శతాబ్దంలో డాక్టర్లు రోజుకు గ్లాసులకు గ్లాసులు తాగమనేవాళ్లు. దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. కానీ స్నానం సంగతి వేరు. ఆ రోజుల్లో రంగులు వేసేవాళ్లు, సీసం పనివాళ్లు శరీరంలో సీసం చేరి చేతులు చచ్చుబడి ఇక్కడికి వచ్చేవాళ్లు. మెడ లోతు నీళ్లలో గంటల తరబడి కూర్చుంటే మూత్రం ఎక్కువగా తయారై, దాంతోపాటు సీసం బయటికి పోతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి కొందరు నిజంగానే కోలుకున్నారు. అయితే అది ఖనిజాల మహిమ కాదు, మెడ దాకా మునిగి కూర్చోవడంలోనే ఉంది.

ఎదురుగా బాత్ ఆబీ అనే పెద్ద చర్చి. దాని ముఖద్వారానికి రెండు పక్కలా రాతి నిచ్చెనలు, వాటి మీద ఎక్కుతూ దిగుతూ దేవదూతలు. 1499లో ఒలివర్ కింగ్ అనే బిషప్‌కు వచ్చిన కలట అది. ఇంగ్లండ్ రాజుగా ఎడ్గర్‌కు 973లో పట్టాభిషేకం జరిగింది ఈ స్థలంలో అప్పుడున్న చర్చిలోనే. లోపల తలెత్తితే విసనకర్రలా విచ్చుకున్న రాతి కప్పు. గోడల నిండా 600కు పైగా స్మారక ఫలకాలు. ఆరోగ్యం కోసం వచ్చి ఇక్కడే పోయినవాళ్లవి వాటిలో చాలా ఉన్నాయి. నీటి వైద్యానికి ఇంతకన్నా నిజాయితీగల ప్రకటన ఉండదు. కాళ్ల కింద వెచ్చగా అనిపిస్తే ఆశ్చర్యపోకండి. రోమన్ల కాలం నాటి కాలువలో పారే ఈ వేడినీటి నుంచే ఇప్పుడు చర్చి నేలను వెచ్చబరుస్తున్నారు.

దృశ్యం: ఇరుకు సందు, పాత ఇల్లు, ప్లేటులో పెద్ద బన్ను.

వాయిస్: మధ్యాహ్నం శాలీ లన్ ఇల్లు అనే హోటల్లో బన్ను తినొచ్చు. మెత్తగా, పెద్దగా ఉంటుంది. గుడ్డు తినని వాళ్లు ముందే అడగండి. క్యూ బాగా పెరిగితే వదిలెయ్యండి, దానికోసం గంట నిలబడక్కర్లేదు.

దృశ్యం: పైకి ఎక్కే వీధి, తేనె రంగు ఇళ్లు.

వాయిస్: ఇప్పుడు ఊరి రెండో కథ. 1702, 1703ల్లో రాణి ఆన్ ఇక్కడికి వచ్చింది. రాణి వెళ్లిన చోటికి లండన్ పెద్దమనుషులు వెళ్లకుండా ఉంటారా! ఆ జనాన్ని ఒక పద్ధతిలో పెట్టినవాడు రిచర్డ్ నాష్, అందరూ పిలిచే పేరు బో నాష్. పదవి పేరు మాస్టర్ ఆఫ్ సెరిమనీస్, అంటే డాన్సులు, వేడుకలు నడిపించే పెద్ద. జూదం అతని బతుకు. ఊళ్లో కత్తులు పెట్టుకుని తిరగొద్దన్నాడు. డాన్సులు రాత్రి పదకొండుకు ఆగాల్సిందే, ముందు రాచకుటుంబం వాళ్లున్నా సరే. నీళ్లు ఒక సాకు, అసలు పని సంబంధాలు చూసుకోవడం, పేకాడుకోవడం, నలుగురి కంట్లో పడటం. అంతమందికి ఇళ్లు కావాలి, అవీ షోకుగా ఉండాలి. అక్కడినుంచి మొదలైంది కట్టుబడి.

రాయి ఊరి పక్కన కూంబ్ డౌన్ గనులది. గనుల యజమాని రాల్ఫ్ ఆలెన్, అంతకు ముందు తపాలా కాంట్రాక్టుల్లో సంపాదించినవాడు. కట్టినవాళ్లు తండ్రీకొడుకులు, ఇద్దరి పేరూ జాన్ వుడ్.

దృశ్యం: పైనుంచి గుండ్రని వీధి, మధ్యలో పెద్ద చెట్లు.

వాయిస్: ఇది సర్కస్. గుండ్రంగా 33 ఇళ్లు, మూడు అంతస్తులకు మూడు రకాల స్తంభాలు. తండ్రి వుడ్‌కు డ్రూయిడ్లనే ప్రాచీన పూజారుల పిచ్చి. స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి వలయాన్ని స్వయంగా కొలిచాడు, ఈ వలయం వెడల్పు దాదాపు దానంతే పెట్టాడు. 1754లో పని మొదలైన కొద్ది నెలలకే చనిపోయాడు. 1768లో పూర్తిచేసింది కొడుకు. పిట్టగోడ మీద రాతి ఓక్ కాయలు కనిపిస్తాయి. కుష్ఠు వచ్చిన బ్లాడుడ్ అనే రాజకుమారుడు పందులు మేపుతూ, అవి ఈ వేడి బురదలో దొర్లి బాగుపడటం చూసి తనూ దొర్లాడనీ, అలా ఊరు వెలిసిందనీ ఒక కథ. పందులు ఓక్ కాయలు తింటాయి కదా, అందుకని ఈ కాయలు.

ఇక్కడ 14వ నంబరు ఇంటి ముందు ఆగాలి. గోడ మీద పేరు రాబర్ట్ క్లైవ్. బతుకు చివర్లో, 1774లో, ఇక్కడ ఉన్నాడు. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం దగ్గర ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించింది ఈయనే. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి ప్రాంతాలు ఈస్టిండియా కంపెనీ చేతికి పోవడానికి అది మొదటి కాగితం. ఇండియాలో సంపాదించి తిరిగొచ్చిన ఇలాంటి వాళ్లను ఇంగ్లండ్‌లో ఎగతాళిగా నాబాబ్‌లనేవాళ్లు. అనారోగ్యం, డబ్బు రెండూ ఉన్న నాబాబ్‌లకు బాత్ బాగా కుదిరింది.

దృశ్యం: అర్ధచంద్రాకార భవనం, ముందు పచ్చిక.

వాయిస్: రెండు నిమిషాలు నడిస్తే రాయల్ క్రెసెంట్. 1767 నుంచి 1775 దాకా కట్టారు. 30 ఇళ్లు, 114 స్తంభాలు. ఫోటో తీసుకోండి, అందరూ తీసుకుంటారు. కానీ తర్వాత వెనక సందులోకి వెళ్లండి. ముందు గోడ మాత్రమే కొడుకు వుడ్ ప్లాన్. కొన్నవాళ్లు తమ వాటా ముఖభాగం తీసుకుని వెనక తమకు నచ్చినట్టు కట్టుకున్నారు. అందుకే వెనక ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కిటికీలు తలో చోట. బాత్ మొత్తం ఎలా కట్టారో ఈ సందు చెప్పినంత బాగా ఏ మ్యూజియమూ చెప్పదు. ముందు పచ్చికలో గోతిలాంటి గోడ ఒకటుంది. పశువులు దగ్గరికి రాకుండా, అయినా ఇంట్లోంచి చూస్తే అడ్డు కనిపించకుండా చేసిన ఏర్పాటు. దొరల కంటికి పల్లెటూరు కావాలి, పేడ వద్దు.

దృశ్యం: చిన్న ఇంటి పెరడు, టెలిస్కోప్ నమూనా.

వాయిస్: ఓపిక ఉంటే న్యూ కింగ్ స్ట్రీట్‌లో 19వ నంబరు. విలియం హెర్షెల్ అనే సంగీతం మాస్టారు 1781 మార్చి 13న ఈ పెరట్లోంచి యురేనస్‌ను కనిపెట్టాడు. చెల్లెలు కారొలైన్ కూడా తర్వాత పేరున్న ఖగోళ శాస్త్రవేత్త అయింది. షోకు చేసుకోవడానికి వచ్చిన జనానికి పాటలు నేర్పి బతుకుతూ, రాత్రిళ్లు చేత్తో అద్దాలు సానపట్టాడాయన. ఇల్లు చిన్నది, గంట చాలు.

నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ 1801 నుంచి 1806 దాకా ఈ ఊళ్లో ఉంది. 1805లో తండ్రి పోయాక డబ్బుకు ఇబ్బందై ఆ కుటుంబం చౌక అద్దెలకు మారింది. ఆమె పేరుతో ఒక సెంటర్, సెప్టెంబరులో పాతకాలం బట్టలతో ఉత్సవం ఉన్నాయి. ఒక సంగతి: పొద్దున మనం చూసిన పెద్ద రోమన్ కొలను ఆమె చూడలేదు. అది మట్టి కింది నుంచి బయటపడింది 1880 ప్రాంతంలో.

దృశ్యం: పల్టెనీ బ్రిడ్జి, కింద మెట్లలా దూకే నది.

వాయిస్: సాయంత్రం పల్టెనీ బ్రిడ్జికి దిగిరండి. రాబర్ట్ ఆడమ్ డిజైన్, 1774లో పూర్తయింది. రెండు పక్కలా దుకాణాలే, మీద నడుస్తుంటే వంతెన అనే అనిపించదు. కిందికి వెళ్లి నది ఒడ్డు నుంచి చూడాలి.

దృశ్యం: మేడ మీద కొలను, చుట్టూ ఊరి పైకప్పులు.

వాయిస్: ఇక స్నానం. 2006లో తెరిచిన థర్మే బాత్ స్పాలో ఇవే నీళ్లు, సుమారు 33 డిగ్రీలకు చల్లార్చి వదులుతారు. మేడ మీద కొలను ఉంది. 16 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు, కుటుంబంతో వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. వారాంతాల్లో రద్దీ బాగా ఉంటుంది, వీలైతే మామూలు రోజు రండి.

ఖర్చు మాట. రోమన్ బాత్స్, స్పా రెండిటికీ టికెట్ చౌక కాదు. ఒక్కటే కుదిరితే నా ఓటు రోమన్ బాత్స్‌కే. సర్కస్, క్రెసెంట్, వంతెన అన్నీ బయటినుంచి ఉచితం. మేయర్ పేరిట స్వచ్ఛందంగా పనిచేసే గైడ్లు పంప్ రూమ్ ముందు నుంచి ఊరంతా తిప్పి చూపిస్తారు, పైసా తీసుకోరు, టిప్పు ఇచ్చినా వద్దంటారు. రెండు గంటల నడక కాబట్టి మంచి బూట్లు వేసుకోండి. పైకెక్కే వీధులే ఎక్కువ.