గూగుల్‌లో 4.7 స్టార్లు, డోర్‌కి తాళం: వెస్ట్ టెక్సస్‌లో మా తిండి తిప్పలు

హాయ్ అండీ అందరికీ, వీడియో పెట్టి చాలా రోజులైంది కదా, తిట్టకండి. మొన్న ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్ళొచ్చాం, నేను, మా ఆయన, మా అబ్బాయి ముగ్గురం, ఇంకా మా ఫ్రెండ్ వాళ్ళిద్దరు, రెండు కార్లు. కొండలూ లోయలూ రాత్రి చుక్కలూ అన్నీ వేరే వీడియోలో పెడతా, ఇది మాత్రం అచ్చంగా తిండి గురించే, ఎందుకంటే ట్రిప్‌లో మేం పడ్డ తిప్పలు సగం అక్కడే పడ్డాం, నవ్వుకున్నదీ అక్కడే.

డాలస్ పక్కన మా ఫ్రిస్కోలో మనకి అలవాటేంటి, రాత్రి పదింటికి ఆకలేసినా ఫోన్ తీసి నొక్కితే బిర్యానీ ఇంటికొస్తుంది. అదే ధీమాతో బయల్దేరాం. బిగ్ బెండ్ ఉండేది బ్రూస్టర్ కౌంటీలో అండీ, టెక్సస్‌లోకెల్లా పెద్ద కౌంటీ, 6,000 చదరపు మైళ్ళ పైనే, కనెక్టికట్ రాష్ట్రం కంటే పెద్దది, జనం మాత్రం పదివేల లోపే. మా ఫ్రిస్కోలో నాలుగైదు హైస్కూళ్ళ పిల్లల్ని ఒకచోట నిలబెడితే అంతమంది వస్తారు. మరి అలాంటి చోట హోటల్ నడిపే మనిషే వండాలి, ఆ మనిషే గిన్నెలు కడగాలి, తనకి జ్వరమొస్తే హోటల్‌కీ జ్వరమే. ఇది నాకు శుక్రవారం రాత్రి దాకా బుర్రకెక్కలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు ఎగ్గొట్టి బయల్దేరాం, మిడ్లాండ్ ఒడెస్సా దాటేదాకా రోడ్డుకి రెండు పక్కలా ఆయిల్ పంపులు తలలూపుతూనే ఉంటాయి, మావాడు మూడొందల దాకా లెక్కపెట్టి నిద్రపోయాడు. నేను ముందే రెస్టారెంట్ చూసి పెట్టుకున్నా, గూగుల్‌లో 4.7, రెండొందల రివ్యూలు, తొమ్మిదిన్నర వరకు ఓపెన్ అని ఉంది. దారిలో ఫోర్ట్ స్టాక్టన్ అనే ఊళ్ళో దాని ముందు కారాపేసరికి 8:40. లైట్లు లేవు. డోర్‌కి తాళం, తాళం పైన టేప్‌తో అంటించిన పేపర్ ప్లేట్, దాని మీద మార్కర్‌తో "అమ్మాయికి బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్స్, మంగళవారం కలుద్దాం" అని రాసుంది. మా ఆయన ఆ ప్లేట్‌ని ఫోటో తీసుకున్నాడు. నాకు కోపం రావాలి కానీ ఏం వస్తుంది చెప్పండి, ఊరంతా ఆ గేమ్‌కే వెళ్ళుంటారు, తినేవాళ్ళు కూడా.

సరే మోటెల్‌కి వెళ్ళాం. ఇక్కడ ఐ-10 పక్కన మోటెల్ అంటే ఓనర్ పటేల్ అయ్యే ఛాన్స్ ఎక్కువే, ఇదీ అంతే. కౌంటర్ వెనక తలుపు తీసిందో లేదో ఆవాలు ఇంగువ పోపు వాసన గుప్పుమంది, ఏడు గంటలు డ్రైవ్ చేసొచ్చిన వాళ్ళకి ఆ వాసన ఎంత అన్యాయమో ఆలోచించండి. గుజరాతీ ఆంటీ. నాకొచ్చిన హిందీలో మంచి రెస్టారెంట్ ఎక్కడుంది ఆంటీ అన్నా. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని, "బేటా, మంచిది ఏది అని అడక్కు, ఇప్పుడు ఏది తెరిచుంది అని అడుగు" అంది. ఆ రాత్రికి ఏదీ లేదు, గ్యాస్ స్టేషన్ శాండ్‌విచ్, మా ఫ్రెండ్ వాళ్ళావిడ తెచ్చిన జంతికలు, అంతే. కానీ ఆంటీ ఇంకో మాట చెప్పింది, పొద్దున్నే ఆరింటికి గ్యాస్ స్టేషన్ వెనక తెల్ల ట్రైలర్ ఒకటి తెరుస్తారు, తొమ్మిదికి అయిపోతుంది, దానికి బోర్డు ఉండదు, పికప్ ట్రక్కులు ఎక్కడ ఆగితే అక్కడే అని.

ఇదిగో ఇది చూడండి, ఇదే ఆ ట్రైలర్. మ్యాప్‌లో వెతికా, అసలు లేదు. ముందర తొమ్మిది ట్రక్కులు, అన్నిటికీ మట్టే, ఆయిల్ ఫీల్డ్ కుర్రాళ్ళు హెల్మెట్లు బానెట్ మీద పెట్టి తింటున్నారు. లోపల ఒక పెద్దావిడ, మన అమ్మమ్మల వయసు, మైదా ముద్దని అరచేతుల మధ్య రెండుసార్లు తట్టి, పొట్టి కర్రతో ఇలా నాలుగంటే నాలుగు తిప్పులు తిప్పి పెనం మీద వేస్తోంది, అది బుడగలు బుడగలుగా లేచేలోపు రెండోది ఒత్తేస్తోంది, తిరగెయ్యడానికి అట్లకాడ లేదు, వేళ్ళే. మా అత్తగారు చూస్తే ఆవిడ్ని ఇంటికి తీసుకెళ్ళిపోయేవారు. ఆ రొట్టెనే టోర్టియా అంటారు, అందులో కూర పెట్టి మడిస్తే టాకో. గుడ్డూ బంగాళాదుంపా పెట్టి, పైన కాల్చిన పచ్చిమిరపకాయలతో చేసిన పచ్చడి. ఆ పచ్చడి కారం ఉంది చూశారూ, అమెరికాలో చాలామంది స్పైసీ అని చెప్పి పెట్టే కారం కాదు, నిజం కారం.

శనివారం నేను నాన్‌వెజ్ తినను, గుడ్డు కూడా తినను, కాబట్టి బీన్స్ టాకో అడగబోయా. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోండి వెజ్ వాళ్ళు. రిఫ్రైడ్ బీన్స్, అంటే ఉడికించి మెదిపి వేయించిన గింజలు, చూడ్డానికి మన పప్పు ముద్దలా అమాయకంగా ఉంటుంది, చాలా చోట్ల అందులో వేసేది పంది కొవ్వు. ఒక్కోచోట టోర్టియా పిండిలో కూడా వేస్తారు. స్పానిష్‌లో దాన్ని మాంతేకా అంటారు, ఇంగ్లీష్‌లో వెజిటేరియనా అని అడిగితే మీట్ లేదు అంటారు, వాళ్ళ తప్పేం కాదు, మీట్ నిజంగానే లేదు! అందుకని "మాంతేకా?" అని ఒక్క మాట అడగండి చాలు. నేనడిగితే ఆవిడ బీన్స్ వైపు చూసి వద్దన్నట్టు వేలు అడ్డంగా ఊపింది, టోర్టియాలో మాత్రం నూనే అని డబ్బా చూపించి, నాకు ఉత్త ఆలూ, పచ్చడి పెట్టిచ్చింది. ఒక్కోటి మూడు డాలర్లు. నాలుగు తిన్నా, దాచడానికేముంది.

అక్కణ్ణుంచి మారథాన్ అనే ఊరు. అక్కడ గ్యాస్ ఫుల్ చేయించుకోండి, తర్వాత పార్క్ లోపల పాంథర్ జంక్షన్ దాకా దాదాపు 70 మైళ్ళు ఏమీ లేదు, ఫోన్ సిగ్నల్ కూడా వస్తే వచ్చినట్టు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

లంచ్ మెక్సికోలో తిన్నాం! అంటే పార్క్ చివర రియో గ్రాండే నది, అవతలి ఒడ్డు మెక్సికో, బోకియాస్ అనే చిన్న పల్లెటూరు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత 2002లో ఈ దారి మూసేశారు, మళ్ళీ 2013లో తెరిచారు, ఆ పదకొండేళ్ళూ టూరిస్టులు లేక ఊరు సగం ఖాళీ అయిపోయిందట. ఇప్పుడు కూడా వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్ళండి. వెళ్ళాక ఏముంది, చిన్న తెడ్డు పడవ, మేం వెళ్ళినప్పుడు మనిషికి అయిదు డాలర్లు రానూ పోనూ, పడవెక్కి కూర్చుని సర్దుకునేలోపు మెక్సికో వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి గాడిద మీద ఊళ్ళోకి. మావాడికి ట్రిప్ మొత్తమ్మీద గుర్తున్నది గాడిదే.

మాకు గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి సరిపోయింది. మా ఫ్రెండ్ వాళ్ళది హెచ్1బీ, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఎక్స్‌పైరై ఏడాదైంది. రూల్స్ ఏమున్నా, ఓ ఎంచిలాడా (టోర్టియా చుట్టి పైన గ్రేవీ పోసేది) కోసం వీసా రిస్క్ చేసేంత గుండె మనవాళ్ళకెవరికుంటుంది చెప్పండి. పాపం వాళ్ళిద్దరూ ఈ ఒడ్డున రాయి మీద కూర్చుని జంతికలు తిన్నారు, మేం అవతల నుంచి చేతులూపాం. పార్సిల్ తెస్తాం అన్నాం కానీ బోర్డర్‌లో ఏది ఒప్పుకుంటారో ఏది ఒప్పుకోరో అని తీసుకురాలేదు, అది ఇప్పటికీ దెప్పుతున్నారు.

అవతల నది కనపడేట్టు బయట టేబుళ్ళు, చీజ్ ఎంచిలాడాలు, మా ఆయనకి మేక మాంసం టాకోలు. మెనూ పెద్దదేం కాదు, ఆ రోజు ఏముందో అదే. పక్కన అరుగు మీద ఆడవాళ్ళు గుడ్డ సంచుల మీద దారంతో రోడ్‌రన్నర్ పిట్టలు కుట్టి అమ్ముతున్నారు, రెండు కొన్నా. తిరిగొచ్చేటప్పుడు ఇమ్మిగ్రేషన్ భలే ఉంటుందండీ, ఎదురుగా ఆఫీసర్ ఉండడు, మెషీన్‌లో కార్డు స్కాన్ చేసి ఫోన్ ఎత్తితే అవతల ఎక్కడో కూర్చుని మాట్లాడతాడు.

సాయంత్రం టెర్లింగ్వా. ఒకప్పుడు పాదరసం గనుల ఊరు, 1940లలో గనులు మూతపడితే జనం వెళ్ళిపోయారు, రాతి గోడలు మిగిలాయి. అప్పటి సినిమా హాలే ఇప్పుడు స్టార్‌లైట్ థియేటర్ అనే రెస్టారెంట్. గంటన్నర వెయిటింగ్, కానీ ఎవరూ విసుక్కోరు, ముందున్న పొడుగాటి వరండాలో బెంచీల మీద కూర్చుని, ఎవరో గిటార్ వాయిస్తుంటే, ఎదురుగా చీసోస్ కొండలు ఎర్రగా అయ్యి ఊదారంగుకి తిరిగేదాకా చూస్తారు. ఈ ఊరు చిల్లీకి ఫేమస్, చిల్లీ అంటే ఇక్కడ మిరపకాయ కాదు, మిరపకాయలేసి వండే మాంసం కూర, 1967 నుంచి ఇక్కడ చిల్లీ వంట పోటీలు జరుగుతున్నాయి, ఆ పోటీ చిల్లీలో బీన్స్ వెయ్యకూడదు, వేస్తే పోటీలోంచి అవుట్. ఆ మాంసం సాధారణంగా బీఫే, మేం తినం, జీలకర్ర వాసన మాత్రం కడుపునిండా పీల్చాం. నాకు దొరికింది సలాడ్, ఫ్రైస్. శనివారం మహిమ.

ఆదివారం చెప్పడానికేం లేదు, కూలర్‌లో పెరుగన్నం, ఆవకాయ.

సోమవారం అసలు మజా. టెర్లింగ్వా నుంచి ఆల్పైన్ అనే ఊరు 80 మైళ్ళు, దారిలో ఉత్తరానికి వచ్చే ప్రతి కారునీ బోర్డర్ పాట్రోల్ (సరిహద్దు పోలీసు) వాళ్ళు ఆపుతారు. మేం కార్డులు, మా ఫ్రెండ్ వాళ్ళు పాస్‌పోర్టులు, ఐ-797లు అనే హెచ్1బీ అప్రూవల్ కాగితాలు, అన్నీ చేతిలో పట్టుకుని ఎగ్జామ్ హాల్లోలాగా కూర్చున్నాం. ఆఫీసర్ అద్దంలోంచి వంగి ఎక్కణ్ణుంచి వస్తున్నారు అని అడుగుతుంటే వెనక సీట్లోంచి మావాడు, "ఎక్స్‌క్యూజ్ మీ, ఇప్పుడు ఏది ఓపెన్ ఉంటుంది?" అన్నాడు. అంటే లంచ్‌కి! మూడు రోజులుగా మేం అందర్నీ అడుగుతున్నది విని విని. నా గుండె ఆగింది. ఆయన మాత్రం కార్డులు వెనక్కిచ్చి, వాచీ చూసుకుని, చాలా సీరియస్‌గా, రైలు పట్టాల దగ్గర ఫలానా చోటుంది, రెండింటికి మూసేస్తారు, ఇప్పుడు వెళ్తే అందుతుంది అన్నాడు.

1:40కి లోపలికెళ్ళాం. ఇటువైపు ఎంచిలాడాలు చుట్టరు, మన అట్ల దొంతరలాగా ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో చీజు ఉల్లిపాయలు, పైన ఎర్ర మిరపకాయల గ్రేవీ పోసి, దాని మీద వేయించిన గుడ్డు పెడతారు. సోమవారం కాబట్టి నాకు ఏ అడ్డమూ లేదు. పచ్చసొన పొడిస్తే ఎర్ర గ్రేవీలోకి జారుతుంటే వీడియో తీయాలని గుర్తొచ్చింది, చెయ్యి ఖాళీ లేదు, అందుకే ఇక్కడ ఖాళీ ప్లేటు ఫోటో పెట్టా, ఏమనుకోకండి. గూడ్స్ రైలు వెళ్తుంటే టేబుల్ మీద గ్లాసులు సన్నగా మోగాయి. అది పూర్తిగా దాటేసరికి సర్వ్ చేసినావిడ వెళ్ళి డోర్‌కున్న బోర్డు తిప్పేసి, మా దగ్గరికొచ్చి, ఇంకో టోర్టియా కావాలా, పెనం ఇంకా వేడిగానే ఉంది అంది.