గుండ్రంగా వేసిన కుర్చీలు

శ్రోతలకు నమస్కారం. జైల్లో మానసిక చికిత్స అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. నేరం చేసినవాడికి ఈ మర్యాదలు కూడానా అంటారు. అది మర్యాదో కాదో, ఇంగ్లండులోని ఒక జైలు సంగతి విన్నాక మీరే చెప్పండి.

బకింగ్‌హామ్‌షైర్‌లో ఖైదీలకు మానసిక చికిత్స చేసే గ్రెండన్ జైలును 1962లో తెరిచారు. ఇలాంటిది కావాలని 1939లోనే ఇద్దరు వైద్యులు నివేదిక ఇచ్చారు. మధ్యలో యుద్ధం వచ్చింది. మొత్తానికి తలుపులు తెరవడానికి 23 ఏళ్లు పట్టింది. ఫైళ్ల నడక ఏ దేశంలోనైనా ఒకటే! అక్కడి తొలి అధికారి విలియం గ్రే మానసిక వైద్యుడు.

అక్కడున్నవాళ్లు జేబుదొంగలు కారు. హత్య, అత్యాచారం, దోపిడీ వంటి నేరాలకు ఏళ్ల తరబడి శిక్ష పడినవాళ్లు. అయినా ఎవరినీ బలవంతంగా తీసుకురారు, తామే కోరుకుని రావాలి. ఒక్కో విభాగంలో దాదాపు 40 మంది. వారంలో మూడు రోజులు, ఎనిమిదిమంది చొప్పున గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కోర్టులో వకీలు చెప్పిన కథ అక్కడ చెల్లదు. "తాగి ఉన్నాను, ఏం చేశానో తెలియలేదు" అని ఒకడు అన్నాడనుకోండి. "మరి కత్తి ఇంటి నుంచే ఎందుకు తెచ్చుకున్నావు?" అంటాడు ఎదుటివాడు. వైద్యుడి ముందు బుకాయించవచ్చు. అదే అబద్ధం తానూ ఆడి వచ్చినవాడి ముందు ఎలా కుదురుతుంది?

ఇతర జైళ్లలో లైంగిక నేరాలు చేసినవారిని తోటి ఖైదీలు కొడతారని విడిగా ఉంచుతారు. ఇక్కడ చాలా విభాగాల్లో వాళ్లూ అందరి మధ్యే కూర్చోవాలి. వారానికి రెండుసార్లు విభాగమంతా సమావేశమవుతుంది. దానికి అధ్యక్షుడు ఖైదీలు ఎన్నుకున్న ఖైదీయే. ఎవరైనా చేయి చేసుకున్నా, మత్తుమందు వాడినా, అతణ్ని ఉంచాలా పంపాలా అని తోటివారే ఓటు వేస్తారు.

ఏడాదిన్నరకు పైగా ఇక్కడ గడిపినవాళ్లు బయటికి వెళ్లాక మళ్లీ నేరం చేయడం తగ్గిందని అధ్యయనాల్లో కనిపించింది. మారాలని ఉన్నవాళ్లే వస్తారు కాబట్టి అందులో చికిత్స వాటా ఎంత అని అడిగేవారూ ఉన్నారు. సరైన ప్రశ్నే.

అన్నట్టు, కొందరు నడిమధ్యలోనే తమను మామూలు జైలుకు పంపేయమని అడుగుతారు. అక్కడ రాత్రి తలుపు మూశాక ఎవరూ ఏమీ అడగరు.