అమ్మ వాడిపోయిందన్న పువ్వు: పర్పుల్ కోన్‌ఫ్లవర్ పెంపకం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో తన పెరట్లో 12 ఏళ్లుగా పర్పుల్ కోన్‌ఫ్లవర్లు పెంచుతున్న అక్కయ్య గారు ఈ వారం మనతో ఉన్నారు. అక్కయ్య గారూ, ఈ పువ్వును మొదటిసారి చూసిన మన వాళ్లు ఏమంటారు?

అతిథి: వాడిపోయిందంటారు తమ్ముడూ. మా అమ్మ తెనాలి నుంచి వచ్చిన మొదటి వేసవిలో పొద్దున్నే లేచి, రేకులు కిందికి వేలాడుతున్న పువ్వులన్నీ కత్తిరించి కుప్ప పోసింది. రేకులు అలా గొడుగు అంచులా వాలి ఉండటం ఈ పువ్వు సహజ లక్షణమని నేను చెప్పేసరికి మడి బోడిగా మిగిలింది. ఆమె కళ్లకు నచ్చేది ‘మాగ్నస్’ అనే రకం. స్వీడన్‌లో మాగ్నస్ నిల్సన్ అనే ఆయన రేకులు వాలకుండా పరుచుకునే మొక్కలనే ఏళ్ల తరబడి ఏరి పెంచగా వచ్చిన రకమది.

వ్యాఖ్యాత: ఇది చామంతి కుటుంబానికి చెందినదేనా?

అతిథి: అవును, బంతి, చామంతి, పొద్దుతిరుగుడు అన్నీ దీని చుట్టాలే. 1753లో లినేయస్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని రడ్బెకియా అనే మొక్కల ప్రజాతిలో చేర్చాడు. 1794లో మోయెంక్ అనే మరో వృక్షశాస్త్రవేత్త దానికి ఎకినేసియా అని వేరే పేరు పెట్టాడు. ఒంటినిండా ముళ్లున్న చిన్న జంతువును గ్రీకులో ఎకినోస్ అంటారు. మధ్యనున్న బొడిపెను వేలితో తాకితే ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. నారింజ రంగు మొనలున్న ఆ ముళ్ల సందుల్లో ఉండేవే అసలు పువ్వులు. అవి అంచు నుంచి మొదలై లోపలికి, వరుస తరువాత వరుసగా విచ్చుకుంటాయి. తుమ్మెద వచ్చి వాలితే ఆ రోజు విచ్చుకున్న వరుస వెంటే గుండ్రంగా, గానుగెద్దులా తిరుగుతుంది. రేకులు ముద్దగా ఉండే రకాల్లో ఈ పువ్వుల చోటును రేకులే ఆక్రమిస్తాయి కనుక తుమ్మెదలకు దక్కేది తక్కువ. అందుకే నేను వాటిని కొనను.

వ్యాఖ్యాత: విత్తనాల నుంచి పెంచాలంటే ఎలా మొదలుపెట్టాలి?

అతిథి: విత్తనానికి చలి తగిలితే మొలక బాగా వస్తుంది. తడిపి పిండిన పేపర్ టవల్‌లో విత్తనాలు చుట్టి, మూత సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, ఆ తరువాత పైపైన మట్టి కప్పి నాటాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే నవంబరులో నేరుగా మడిలో చల్లేస్తే మిగతా పని మంచు చూసుకుంటుంది. అయితే మొదటి ఏడాది సాధారణంగా ఆకులే వస్తాయి, పువ్వుల కోసం రెండో వేసవి దాకా ఆగాలి. మొక్కకూ మొక్కకూ మధ్య అడుగున్నర నుంచి రెండడుగుల ఎడం ఉండాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి.

వ్యాఖ్యాత: నీళ్లు, ఎరువుల సంగతి ఏమిటి?

అతిథి: ఇక్కడే మన వాళ్లం ఎక్కువగా పొరబడతాం. మా అమ్మ గోంగూర మడికి పోసినట్టే దీనికీ రోజూ రెండు పూటలా నీళ్లు పోసి, కంపోస్టు గుప్పించింది. కాడలు ఏపుగా ఎదిగి, ఒక్క గాలివానకే పక్కకు ఒరిగిపోయాయి. నీరు నిలిచిన చోట రెండు మొక్కలు మొదలు దగ్గరే కుళ్లిపోయాయి. ఇది అమెరికా మధ్య, తూర్పు ప్రాంతాల పచ్చికబయళ్లలో, పలుచని అడవుల్లో తనంతట తాను పెరిగే మొక్క. మొదటి ఏడాది వేరు పట్టేదాకా వారానికి ఒకసారి బాగా తడపాలి. ఆపైన వానలు బొత్తిగా మొహం చాటేస్తే తప్ప నీళ్లు పెట్టనవసరం లేదు.

వ్యాఖ్యాత: చీడపీడలు ఉంటాయా?

అతిథి: జపనీస్ పెంకు పురుగులను పొద్దున్నే ఏరి సబ్బునీళ్లలో వేస్తే సరిపోతుంది. అసలు భయం వేరే ఉంది. నాలుగేళ్ల కిందట ఒక మొక్కకు బొడిపె లోంచి ఆకుపచ్చని చిన్న చిన్న ఆకుల గుత్తులు మొలిచాయి. ఏదో అరుదైన రకం పుట్టిందని మురిసిపోయి, ఫోటోలు తీసి, పక్కింటావిడకు పిలక ఇస్తానని మాట కూడా ఇచ్చేశాను. ఫోన్‌లో చూసిన మా అమ్మ మాత్రం ‘ఇది నువ్వు చేలో వచ్చే వెర్రి తెగులే, పీకి పారెయ్’ అంది. వెతికి చూస్తే ఆమె మాటే నిజమైంది. ఇక్కడ ఆస్టర్ ఎల్లోస్ అంటారు. నువ్వుల వెర్రి తెగులులాగే ఇదీ ఫైటోప్లాస్మా అనే బాక్టీరియా లాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది, దాన్ని మోసుకొచ్చేదీ దీపపు పురుగు జాతిదే. మందు లేదు. మొక్కను వేళ్లతో సహా తీసి చెత్తలో వేయాలి. నీళ్ల విషయంలో రెండేళ్లు నా చేత తిట్లు తిన్న ఆమె ముందు ఆ రోజు నేను నోరెత్తలేదు.

వ్యాఖ్యాత: వాడిన పువ్వులను ఎప్పటికప్పుడు కోసేయాలా?

అతిథి: ఆగస్టు దాకా కోస్తే కొత్త మొగ్గలు వస్తాయి. ఆ తరువాత కత్తెర దాచిపెట్టండి. ఎండి నల్లబడిన బొడిపెల మీద గోల్డ్‌ఫించ్ పిట్టలు వాలి, ముళ్ల మధ్య నుంచి ఒక్కో విత్తనాన్నీ లాగి తింటాయి. జనవరిలో, కాడ మీద మంచు టోపీ ఉన్నా అవి వస్తాయి. ఎండు కాడలను నేను వసంతంలోనే కోస్తాను.

వ్యాఖ్యాత: హైదరాబాద్, విజయవాడల నుంచి వినే శ్రోతలు దీన్ని పెంచగలరా?

అతిథి: ఇది చలికాలంలో నేల మట్టానికి ఎండిపోయి, నిద్రపోయి లేచే మొక్క. ఆ నిద్రకు కావలసిన చలి అక్కడ ఉండదు కనుక ఏళ్ల తరబడి నిలుస్తుందని నేను చెప్పలేను. మా అమ్మ పోయినసారి వెళ్తూ విత్తనాలు అడిగింది. ఇవ్వకుండా, తెనాలిలో బంతి వేసుకోమని చెప్పాను. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ముందు ‘నా వాడిపోయిన పువ్వులు ఎలా ఉన్నాయే?’ అని అడిగాకే నా సంగతి అడుగుతుంది.