మేత చూసుకున్నాకే ఆవు

(చిత్తూరులో చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇందాక భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి, "వెబ్‌సైటు పెట్టాలంటే ఎంతవుతుంది నాయనా?" అని అడిగారు. తిరుపతిలో ఏళ్ల తరబడి ఈ పనే చేస్తున్నాను. అయినా ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. పాడికి పేరున్న చిత్తూరులో ఉన్నాను కాబట్టి మీ లెక్కలోనే చెబుతాను. ఇక్కడ ఆవును కొనేవాళ్లు ముందు గడ్డి ఎంత ఉందో, పాలు పితికేది ఎవరో తేల్చుకుంటారు. వెబ్‌సైటు దగ్గరికి వచ్చేసరికి ఆ మనుషులే ధర ఒక్కటి అడిగి ఊరుకుంటారు.

మీ చేతిలో 40,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. తయారీకి 25,000 దాటనివ్వకండి. ఈ మాట నా జేబుకే చిల్లు, అయినా చెబుతున్నాను. జీఎస్టీ వేసే సంస్థకైతే ఆ 25,000 మీద 18 శాతం పన్ను కలిసి 29,500 అవుతుంది. బేరమాడే రోజునే పన్నుతో కలిపి ఎంతో అడగండి. మిగిలిన పదివేల చిల్లరను ముట్టుకోవద్దు, అది మేత. డొమైన్, అంటే మీ వెబ్ చిరునామా, ఒకసారి కొంటే మీదైపోయేది కాదు. ఏటేటా రుసుము కట్టి నిలుపుకోవాలి. హోస్టింగ్, అంటే సైటును నెట్‌లో ఉంచే చోటుకు అద్దె, అదీ అంతే. ప్రకటనలో పెద్దగా కనిపించేది చాలాసార్లు తొలి ఏడాది ధర. రెండో ఏడాది ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ పుస్తకంలో రాసుకోవలసింది దాన్ని. ఇక సైటుకూ చూసేవారికీ మధ్య నడిచే సమాచారం ఇతరులు చదవకుండా కాపాడే భద్రతా సర్టిఫికెట్‌కంటూ ఎవరైనా విడిగా వేలు అడిగితే కారణం అడగండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు దాన్ని ఉచితంగానే ఇస్తున్నాయి.

డొమైన్ దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే ఆ దెబ్బ నేను తిన్నాను. ఈ వృత్తిలోకి రాకముందు మా ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం ఉండేది. బంధువుల అబ్బాయి ఒకడు సైటు చేసిపెట్టాడు, డొమైన్‌ను తన ఈమెయిల్‌తోనే నమోదు చేశాడు. తర్వాత ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు. గడువు హెచ్చరికలన్నీ అతను తెరవడం మానేసిన పెట్టెలో పడ్డాయి. ఒక రోజు సైటు కనిపించలేదు. అప్పటికే ఆ చిరునామాతో సీసాల లేబుళ్లు అచ్చయి ఇంట్లో కట్టలు కట్టలుగా ఉన్నాయి. డాట్ కామ్ పేరు గడువు తీరి తొలగింపునకు వెళితే, పాత యజమాని విడిపించుకోవడానికి 30 రోజులు ఉంటాయి, అదీ అదనపు రుసుముతో. అవి కూడా గడిచాక, మరో ఐదు రోజులకు ఎవరైనా తీసుకోవచ్చు. మేము ఆ 30 రోజుల్లోనే మేలుకొని, ఏడాది రుసుముకు ఎన్నో రెట్లు కట్టి విడిపించుకున్నాం. సైటు ఎవరు చేసినా సరే, డొమైన్ మీ పేరిట, మీ ఈమెయిల్‌తో, మీ ఫోను నంబరుతో ఉండాలి.

ఇక కాలం సంగతి. అసలు ఖర్చు ఇక్కడే ఉంది, ఎవరూ రాసుకోనిదీ ఇదే. చిన్న సైటుకు నా పని పది పదిహేను రోజులు. యజమాని ఇవ్వవలసిన ఫొటోలు, ధరలు, నాలుగు వాక్యాల పరిచయం కోసం మూడు నెలలు ఎదురుచూసిన సందర్భాలు ఉన్నాయి. "కరపత్రంలో అంతా ఉంది కదా" అంటారు. ఉంది, కానీ ప్రెస్సులో పాత అను ఫాంట్లతో కూర్చిన తెలుగు యూనికోడ్, అంటే ఫోన్లూ వెబ్‌సైట్లూ చదవగలిగే అక్షర పద్ధతి, కాదు. నేరుగా అతికిస్తే సైటులో పిచ్చి గీతలు కనిపిస్తాయి. దాన్ని మార్చి, ప్రూఫు చూడాలి. ఆ పని ఎవరిదో ముందే తేలాలి.

సరుకును బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. ఆవకాయకు ఒక్క ఫొటో తీస్తే ఏడాదంతా నడుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీకి అది కుదరదు. మచిలీపట్నంలో అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. కాబట్టి ఏ గుడ్డకు ఆ గుడ్డే. ఒక్కో దానికి ఫొటో, కొలత, ధర, వివరం కలిపి అరగంట వేసుకున్నా 40 గుడ్డలకు 20 గంటలు. అమ్ముడుపోయిన రోజే ఆ గుడ్డను సైటులోంచి తీసేయాలి, లేకపోతే లేని సరుకుకు డబ్బు తీసుకున్నవాళ్లవుతారు. అలాంటివారు మొదట పది గుడ్డలతో మొదలుపెట్టడమే నయం.

సైటులోనే డబ్బు కట్టే ఆన్‌లైన్ చెల్లింపులు మొదటి రోజే అక్కర్లేదు. ఆ డబ్బును మీ ఖాతాకు చేర్చే సంస్థ, అంటే గేట్‌వే, 2 శాతం తీసుకుంటే, ఆ రుసుము మీద 18 శాతం పన్నుతో కలిపి 1,000 రూపాయల అమ్మకంలో 23 రూపాయల 60 పైసలు పోతాయి. పచ్చడి లాభంలో అది చిన్న ముక్క కాదు. నెలకు పది ఆర్డర్లు వచ్చేవారికి ఫోను, యూపీఐ చాలు.

మరో మాట, సీజనులో ఈ పని పెట్టుకోకండి. తోతాపురి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే జూన్, జూలైల్లో మామిడి వ్యాపారి నాకు ఫోటోలు పంపరు. బ్రహ్మోత్సవాల వేళ తిరుపతి లాడ్జి యజమాని ఫోనే ఎత్తరు. తప్పు వారిది కాదు, ముహూర్తానిది.

భోజనాల దగ్గర ఆ పెద్దాయనను నేను తిరిగి ఒకటే అడిగాను: "సైటు పెట్టాక ధరలు మార్చేది, ఫొటోలు ఎక్కించేది ఎవరండీ?"

"మా కోడలు. ఇప్పుడు కూడా రోజూ సాయంత్రం వాట్సాప్‌లో సరుకు ఫొటోలు పెట్టేది తనే, ఒక గంట పడుతుంది" అన్నారు.

"ఆ గంటకు ఆమెకు ఎంత ఇస్తున్నారు?" అన్నాను.

ఆయన నవ్వి, మజ్జిగ గ్లాసు అందుకున్నారు.