శాలువా వద్దు సామీ, ఆర్డరివ్వండి
(డిసెంబరు 3, వికలాంగుల దినం నాడు చిత్తూరు సభలో మాట్లాడింది)

వేదిక మీది పెద్దలకి, ముందు వరసలో మూడు చక్రాల బండ్ల మీదున్న మావాళ్లకి నమస్కారం. పేర్లన్నీ చదివితే భోజనాల టైమైపోతుంది, వదిలేస్తున్నా.

నన్ను వికలాంగులు పనిచేసే కాట్పాడి వర్క్‌షాపు చరిత్ర చెప్పమన్నారు. వేలూరు పక్కనే కదా, మనకెంత దూరమని! కానీ వేలూరంటే మనోళ్లకి సీఎంసీ ఆస్పత్రే, పోతాం, చూపించుకుంటాం, వచ్చేస్తాం. ఈ కథ మొదలైందీ ఆ ఆస్పత్రిలోనే. 1940లలో అక్కడ పాల్ బ్రాండ్ అనే డాక్టరు, కుష్టుతో వేళ్లు ముడుచుకుపోయినవాళ్లకి ఆపరేషన్లు చేసి చేతులు సరిచేశాడు. ఆ మనుషులే తిరిగొచ్చి ఏం మొరపెట్టుకున్నారో తెలుసా? ఇదివరకు వంకర చెయ్యి చాపితే చిల్లర పడేది, ఇప్పుడు చెయ్యి బాగుందని ఎవరూ వెయ్యడం లేదు, పోనీ పనిస్తారా అంటే అదీ లేదు.

నవ్వకండి సామీ.

అప్పుడు 1950 ప్రాంతంలో ఆ ఆస్పత్రి మెడికల్ కాలేజీ ఆవరణలోనే గుడిసెలు వేసి వడ్రంగం, కొయ్యబొమ్మలు నేర్పించారు. స్పర్శ లేని చేతికి తానెంత గట్టిగా పట్టుకుందో తెలియదు, పని చేస్తూనే పుండు పడిపోతుంది, అందుకని పనిముట్ల పిడులే మార్చాల్సొచ్చింది. తర్వాత 1963లో స్వీడన్ రెడ్‌క్రాస్ వాళ్లు, కుష్టు నయమైనా పని దొరకనివాళ్ల కోసం కాట్పాడిలో వర్క్‌షాపు పెట్టారు. మిగతా వికలాంగులూ చేరారు. ఇప్పుడు దాన్ని వర్త్ ట్రస్ట్ అంటారు. చూపులేనివాళ్లు టైపు చేసుకునే పెర్కిన్స్ బ్రెయిలర్, ఆరు చుక్కలకి ఆరు మీటలుండే మిషను, అమెరికాలో పుట్టినా, మన కాట్పాడిలోనూ తయారైంది.

ఇంకా చాలా రాసుకొచ్చా గానీ ఈ కాగితం పక్కన పెడతా. నా సంగతి చెప్పాలి.

మేం ఏడుగురం కలిసి ఫైలు ప్యాడ్లు చేస్తాం. ఒక ఆఫీసువాళ్లు ఐదొందలు ఆర్డరిచ్చారు. రాత్రీపగలూ కూర్చుని, జిగురు ఆరకపోతే ఫ్యాను కింద పెట్టి, చెప్పిన తేదీకి ఇచ్చాం. బిల్లు రావడానికి పదకొండు నెలలు! ఆ సెక్షను రెండో అంతస్తులో, లిఫ్టు లేదు, కాలికి కట్టుకున్న ఈ ఇనప పట్టీల క్యాలిపర్‌తో ఎన్నిసార్లు ఎక్కానో. చివరికి ఒకాయన, "మీకెట్లా పెన్షన్ వస్తుంది కదా, ఎందుకంత టెన్షన్?" అన్నాడు. పెన్షన్‌కీ నా బిల్లుకీ ఏం సంబంధం? ఆయన ఫైళ్లు కట్టింది మా ప్యాడ్లతోనే, టేబుల్ మీదే ఉన్నాయి, చూశా. ఆ ఏడాది డిసెంబరు 3న వాళ్లే నాకు శాలువా కప్పారు. మా ఇంట్లో శాలువాలు తొమ్మిదున్నాయి. చిత్తూరు ఎండకి ఏం చేసుకోమంటారు?

చట్టం వచ్చింది, 1995లో ఒకటి, 2016లో ఇంకోటి, సర్కారు ఉద్యోగాల్లో మన రిజర్వేషను మూడు నుంచి నాలుగు శాతమైంది. మంచిదే. ఆ నాలుగు శాతంలో పడనివాళ్లే మా ఏడుగురు.

వెనక నిలబడిన సార్, అవును మీరే, స్కూలు నడుపుతారు కదా. బయట టేబుల్ మీద శాంపిల్స్ పెట్టాం. అంచు కుట్టింది మా చెల్లెమ్మ, ఒంటి చేత్తో. అది చూసి కొనమనడం లేదు, లాగి చూడండి, ఊడితే తీసుకోవద్దు. రేటు వెనక రాసుంది. సగం అడ్వాన్సు, మిగతాది సరుకు దిగిన రోజే.