చచ్చిన పెంకు సాక్ష్యం నమ్మొద్దు! డైనోసార్ల లొల్లి అంతా ఇక్కడే ఉంది

నమస్తే అందరికీ. డైనోసార్లను చంపింది మెక్సికోలో పడ్డ ఉల్కా, మన దక్కన్ లావానా అని కామెంట్లలో రెండు పార్టీలై కొట్టుకుంటున్నారు కదా, నేను ఒక్క మాట గట్టిగా చెప్తా: అంతరించిపోయిన జీవి పెంకు చూపించి తేదీ చెప్తే నమ్మకండి, కొత్తగా పుట్టిన జీవి పెంకు చూపిస్తేనే నమ్మండి.

దయచేసి "కార్బన్ డేటింగ్ చేశారంట" అనడం మానేయండి! అది దాదాపు 50,000 ఏళ్లు దాటితే పనికిరాదు, ఇది 6.6 కోట్ల ఏళ్ల సంగతి. సముద్రం అడుగు బురదకు వయసు చెప్పేది ఫోరామినిఫెరా, అంటే ఇసుక రేణువంత ఏకకణ జీవుల సున్నపు పెంకులు. 1997లో జాయిడెస్ రిజల్యూషన్ అనే, సముద్రం అడుగును తొలిచే ఓడ ఫ్లోరిడాకు తూర్పున అట్లాంటిక్ అడుగు నుంచి తీసిన కోర్ (పొరలు చెదరకుండా గొట్టంతో తీసిన స్తంభం లాంటి ముక్క) ఫొటో స్క్రీన్ మీద పెడుతున్నా, చూడండి. మధ్యలో ఆ ఆకుపచ్చ గుళికల పొర ఉల్క దెబ్బకు ఎగిరిపడ్డది. దాని కింద గీతలు, గుబ్బలు తేలిన పెద్ద పెంకులు. పైన కొత్తగా వచ్చిన జాతులేమో పిసరంత, చాలావాటికి మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. నాకైతే ఇది చూస్తే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మరి లొల్లి ఎక్కడ? ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ గెర్టా కెల్లర్ బృందం 2004లో, ఉల్క పడింది ఆ వినాశనానికి 3 లక్షల ఏళ్ల ముందే అంది. ఆధారమేంటి? ఉల్క గుంతలో తీసిన కోర్‌లో, శిథిలాల మీదున్న అర మీటరు సున్నపురాయిలో పాతకాలపు పెంకులు. యాన్ స్మిట్ లాంటి భూగర్భ శాస్త్రవేత్తలు అవి పెంకులే కావు, డోలమైట్ అనే ఖనిజం స్ఫటికాలు అన్నారు. సరే, పెంకులే అనుకుందాం, అయితే ఏంటి? అంత పెద్ద గుంతలో గోడలు కూలవా, నీళ్లు ఉరికిరావా, పాత బురద కొట్టుకొచ్చి పైన పేరుకోదా? చచ్చిన పెంకును నీళ్లు ఎక్కడికైనా మోసుకుపోతాయి. ఇంకా పుట్టనే లేని జీవి కింది పొరలోకి ఎట్లా పోతుంది, చెప్పండి!

ఒక్క చిక్కుంది. నల్లగొండలో బోరు వేయించినవాళ్లకు తెలుసు, బోరు బండి భూమి లోపలి బండను కొడుతుంటే పైనున్న ఎర్రమట్టి జారి ఆ పొడిలో కలిసి వస్తుంది. చమురు బావి పొడిలోనూ అంతే, పైనున్న కొత్త పెంకు కిందికి జారుతుంది. అందుకే పొడితో పని కాదు, చెక్కుచెదరని కోర్ కావాలి, లేదంటే క్వారీలో కళ్ల ముందు కనిపించే పొర.

అదే కెల్లర్ బృందం 2008లో రాజమండ్రి క్వారీల్లో చేసింది నాకు బ్రహ్మాండంగా నచ్చింది! మన వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి కూడా ఆ దక్కన్ లావానే, అది రాజమండ్రి దాకా పారింది. అక్కడ రెండు లావా పొరల మధ్య సముద్రపు మట్టిలో, వినాశనం తర్వాత పుట్టిన జాతుల పెంకులు దొరికాయి. అంటే దాని మీది లావా కచ్చితంగా ఆ తర్వాతదే. ఒకే శాస్త్రవేత్త, రెండు చోట్ల: మెక్సికోలో పాత పెంకులు, రాజమండ్రిలో కొత్త పెంకులు. నేను రాజమండ్రినే నమ్ముతా.

లావా పార్టీవాళ్లు అప్పుడే సంబరపడకండి. 2013లో ఆర్గాన్ పద్ధతిలో, అంటే రాయిలో పేరుకున్న ఆర్గాన్ వాయువును బట్టి వయసు లెక్కేస్తే ఉల్కకూ వినాశనానికీ మధ్య తేడా 32,000 ఏళ్లకు మించలేదు, 3 లక్షలు ఎక్కడ, ఇది ఎక్కడ? ఇక కామెంట్ పెట్టే ముందు మీరు చూపించే పెంకు అక్కడే బతికిందా, కొట్టుకొచ్చిందా రాయండి, అది లేని కామెంట్‌కు నేను జవాబివ్వను.