పదిమంది మాట్లాడుకున్న ధర

పెద్దలకు, కర్నూలు మిత్రులకు నమస్కారం.

మన మార్కెట్ యార్డుకు వందల బస్తాల ఉల్లి వచ్చిన రోజు పలికింది ధర. రెండు బస్తాలే వచ్చిన రోజు పలికిందీ ధరగానే రాస్తారు. దాన్ని నమ్మి వంద బస్తాలు లారీకెత్తితే ఏమవుతుందో మీకు తెలుసు. రోజుకు రెండు వేల షేర్లు కూడా చేతులు మారని చిన్న కంపెనీల ధర ఇట్లాంటిదే. అలాంటి కంపెనీ కొందరికే ప్రైవేటుగా షేర్లు కేటాయిస్తే మనకేమవుతుందో చూద్దాం.

ఇట్లా కొందరికే షేర్లివ్వడాన్ని ప్రిఫరెన్షియల్ అలాట్‌మెంట్ అంటారు. స్టాక్ ఎక్స్చేంజీలో లిస్టయిన కంపెనీలు ఇలా ఇవ్వడానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2018లో తెచ్చిన, షేర్ల జారీకి సంబంధించిన ఐసీడీఆర్ నిబంధనలున్నాయి. 2022 జనవరి సవరణ ప్రకారం 90 ట్రేడింగ్ రోజుల సగటు ధర, 10 రోజుల సగటు ధర, ఈ రెండిట్లో ఎక్కువది కనీస ధర. అయితే ఈ సగటు వాడాలంటే గడిచిన 240 ట్రేడింగ్ రోజుల్లో మొత్తం షేర్లలో 10 శాతమైనా చేతులు మారి ఉండాలి. లేకపోతే పుస్తక విలువ (అప్పులు పోగా కంపెనీ ఆస్తుల విలువ), అదే రంగంలోని కంపెనీల లెక్కలు చూసి రిజిస్టర్డ్ వాల్యూయర్ విలువ కడతారు. కోటి షేర్ల కంపెనీకి ఆ 10 శాతం గీత రోజుకు సుమారు 4,200 షేర్లు. గీతను అప్పుడే దాటిన కంపెనీలంటేనే నాకు ఎక్కువ భయం. కొద్దిపాటి కొనుగోళ్లతోనే అక్కడ సగటు కదులుతుంది.

ఇంకో చిక్కుంది. ఈ లెక్కకు ఆధారమైన తేదీ వాటాదారుల సమావేశానికి 30 రోజుల ముందుది. వార్త బయటికొచ్చాక పలుచగా చేతులు మారే షేరు ఎగబాకినా, కేటాయింపు పాత ధరకే జరగొచ్చు.

వాల్యూయర్ లెక్క 60 రూపాయలకు తేలింది, మార్కెట్లో 100 ఉందనుకోండి. కోటి షేర్లున్న కంపెనీ 60 చొప్పున 50 లక్షల కొత్త షేర్లిస్తే, పాత కోటి షేర్ల విలువ 100 కోట్లు, కొత్త 30 కోట్ల రూపాయలు కలిపి కోటిన్నర షేర్లకు పంచితే షేరుకు దాదాపు 87 పడుతుంది. మీరు ఒక్క షేరూ అమ్మలేదు, 13 రూపాయలు పోయాయి. వచ్చిన 30 కోట్లతో కంపెనీ నిజంగా ఎదిగితే అది తిరిగి రావచ్చు. అందుకే డబ్బు దేనికన్నది ధరంత ముఖ్యం.

ప్రమోటర్లు, అంటే కంపెనీని నడిపే యజమానులు, కానివాళ్లకు లాక్-ఇన్, అంటే షేర్లు అమ్మకూడని గడువు, ట్రేడింగ్ అనుమతి నుంచి 6 నెలలే. రోజుకు రెండు వేలు కదిలే చోట 50 లక్షలు బయటపడాలంటే 2,500 ట్రేడింగ్ రోజులు, అంటే పదేళ్లు! అంత ఓపిక ఎవరికుంటుంది? ఆ నెలల్లో టెలిగ్రాంలో ఆ కంపెనీ పేరు మోగిపోతుంటే, ఎవరి సరుకు ఎవరికి అంటగడుతున్నారో అడగండి.

సమావేశం నోటీసులో ఎవరికి, ఎన్ని, ఏ ధరకు, ఏ లెక్కన అన్నీ ఉండాలి. తీర్మానం నెగ్గాలంటే పోలైన ఓట్లలో 75 శాతం అనుకూలంగా పడాలి. ఈ-ఓటింగ్ ఉంది కాబట్టి ఆదోనిలో కూర్చునే ఓటేయొచ్చు. మీలో ఎవరి ఫోన్లోనైనా అలాంటి నోటీసుంటే తీయండి, ఆ ధర లెక్క ఇక్కడే కలిసి చదువుదాం.